తాకిన చోటు: ఫుట్‌బాల్ తన్నులో పాదం తాకిడి సరిచేసే ఆరు వారాల ప్రాజెక్టు డైరీ

మైదానంలో ఏ శిక్షణకు వెళ్లినా వినిపించే మాట ఒకటే: "లేసులతో కొట్టు", అంటే బూటు లేసులుండే పాదం పైభాగంతో. పిల్లవాడు తల ఊపుతాడు, మళ్లీ మునివేళ్లతోనే కొడతాడు. మాట తప్పు కాదు. కానీ పాదం బంతికి తగిలి ఉండే సమయం సెకనులో సుమారు వందో వంతు. అంత తక్కువ వ్యవధిలో ఎవరూ పాదాన్ని సర్దుకోలేరు. తాకిన చోటు అప్పటికే ఖాయమైపోయి ఉంటుంది. దాన్ని ఖాయం చేసేవి బంతి వైపు పరుగెత్తుకొచ్చే వాలు, ఊతకాలు (తన్నేటప్పుడు నేల మీద ఆనే కాలు) దిగిన చోటు, చీలమండ బిగువు. అందుకే ఈ ప్రాజెక్టులో "ఇక్కడ కొట్టు" అని చెప్పకూడదని ముందే అనుకున్నాం. బంతి తాకిన గుర్తు బూటు మీద ఎక్కడ పడిందో చూడడం, దానికి ముందు వేసిన అడుగును మార్చడం, అంతే.

మైదానం: హైదరాబాద్ శివారులో గడ్డి లేని మొరం నేల. ఆటగాళ్లు నలుగురు, 15 నుంచి 17 ఏళ్ల వాళ్లు: గోలీ, డిఫెండర్, మిడ్‌ఫీల్డర్, ఎడమకాలి వింగర్. వారానికి మూడు రోజులు, రోజుకు 50 నిమిషాలు. ఒక్కో కాలికి రోజుకు 40 గట్టి తన్నులు హద్దు. ఎదిగే వయసులో తొడ ముందు కండరం, గజ్జల్లోని కండరాలు అంతకుమించితే మొరాయిస్తాయి. అలసిన కాలితో వేసిన తన్ను తప్పు అలవాటునే గట్టిపరుస్తుంది.

1వ రోజు: సామాను, గాలి

ఐదో నంబరు బంతులు ఆరు తీసుకున్నాం. నియమాల ప్రకారం చుట్టుకొలత 68 నుంచి 70 సెం.మీ., బరువు 410 నుంచి 450 గ్రాములు ఉండాలి. అంటే వ్యాసం దాదాపు 22, నేల నుంచి బంతి నడిమికి 11 సెం.మీ. ఈ 11 అంకె డైరీ పొడవునా వస్తుంది.

గాలి ఒత్తిడికి నియమాలు ఇచ్చే వెసులుబాటు పెద్దది, సముద్రమట్టం దగ్గర 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్లు. బొటనవేలితో నొక్కి "సరిపోయింది" అనుకుంటే ఆరు బంతులూ ఆరు రకాలుగా పలుకుతాయి. గేజి పెట్టి అన్నిటినీ 0.8 బార్‌కు తెచ్చాం (ఒక బార్ దాదాపు ఒక అట్మాస్ఫియర్). పౌండ్లలో చెప్పే గేజి అయితే 11.6. సూదిని నీటితో తడిపాకే వాల్వులోకి దింపాలి. పొడిగా గుచ్చితే లోపలి రబ్బరు చీలి, రెండో రోజుకే గాలి దిగిపోతుంది.

ఎండ సంగతి కూడా రాసుకున్నాం. పొద్దున 25 డిగ్రీల దగ్గర 0.8 బార్‌కు నింపిన బంతిని ఎండలో వదిలేస్తే, లోపలి గాలి 45 డిగ్రీలకు చేరేసరికి ఒత్తిడి 0.9 దాటుతుంది. బంతి బిగుసుకుంటుంది, పాదం మీద దెబ్బ గట్టిగా తగులుతుంది, పిల్లలు తెలియకుండానే కాలు వెనక్కి లాగుతారు. బంతులను నీడలో, తడి గోనెసంచి కింద పెట్టడం అప్పటి నుంచి నియమం.

మిగిలిన సామాను: సుద్దముక్కలు, నల్ల ఇన్సులేషన్ టేపు, కొలిచే టేపు, మెత్తటి గుడ్డలు, రెండు ఇటుకలు, సెకనుకు 240 ఫ్రేములు తీయగల ఫోను, ఒక్కో ఆటగాడికి ఒక నోటుపుస్తకం. వల కూడా కట్టాం. గోడకు కొడితే బంతి తిరిగొచ్చి గుర్తు చెరిగిపోతుంది.

2వ రోజు: గుర్తు పడే పద్ధతి కుదర్చడం

మొదట ముగ్గుపిండి అనుకున్నాం. రాతి ముగ్గు గరుకు, తన్నినప్పుడు లేచి కళ్లలో పడుతుంది. మైదానం గీతలకు వాడే సున్నాన్ని అసలు ముట్టుకోకూడదు, కళ్లను కాలుస్తుంది. ముఖానికి రాసే పౌడరు పొడి బంతి మీద నిలవదు. చివరికి కుదిరింది సుద్ద ముద్ద: పది సుద్దముక్కలు మెత్తగా దంచి, నాలుగైదు చెంచాల నీళ్లతో దోసెల పిండి కంటే చిక్కగా కలపాలి. బంతి వెనుక వైపు, అంటే తన్నే వైపు, అరచేతి వెడల్పున గుడ్డతో పల్చగా పూసి, ఒక నిమిషం ఆరనివ్వాలి. పూర్తిగా ఎండితే రాలిపోతుంది, మరీ తడిగా ఉంటే చిట్లి బూటంతా పడుతుంది.

బూటు ముందు భాగం మీద మునివేళ్ల నుంచి నాలుక దాకా నల్ల టేపు వరసలుగా అంటించాం. తెల్ల గుర్తు నల్లటి మీద స్పష్టంగా పడుతుంది, తడిగుడ్డతో ఒక్క తుడుపులో పోతుంది. దీంతో ఒక్క తన్నుకు రెండు జవాబులు దొరుకుతాయి. బూటు మీద తెల్లబడిన చోటు పాదం సంగతి చెబుతుంది. బంతి మీద సుద్ద చెరిగిన చోటు బంతి సంగతి చెబుతుంది. వాల్వు ఎప్పుడూ నెత్తిమీదకు ఉండేలా బంతిని పెడితే చెరిగిన చోటు నడిమికి పైనా కిందా, కుడా ఎడమా అన్నది తేలిగ్గా లెక్కకొస్తుంది. బంతి దొర్లితే మట్టి అంటి ఆ రెండో జవాబు పోతుంది కాబట్టి, వలలో పడగానే పట్టుకునేందుకు ఒకరిని నిలబెట్టాలి.

నోటుపుస్తకంలో ప్రతివాడి బూటు ఆకారం గీసి నాలుగు భాగాలు చేశాం: మునివేళ్లు, వేళ్ల మొదళ్లు, లేసుల కింది ఎముక, లోపలి పక్క. కావలసింది మూడోది. బూటు విప్పి, పాదం పైభాగం మీద బొటనవేలి వైపుగా చీలమండ దిక్కుకు వేలితో తడుముకుంటూ పోతే సగం దాటాక గట్టిగా, ఉబ్బెత్తుగా ఒక ఎముక తగులుతుంది. అక్కడ నొక్కినా పాదం వంగదు. వేళ్ల మొదళ్ల మీద నొక్కి చూడండి, పాదం కిందికి జారిపోతుంది. ఈ తేడాను ప్రతి ఆటగాడి చేత వాడి వేలితోనే చేయించాం. నోటిమాట కంటే అది బాగా ఎక్కింది.

3వ రోజు: ఏమీ చెప్పకుండా తొలి కొలత

వలకు 11 మీటర్ల దూరం, కదలని బంతి, ముప్పావు బలం, ఒక్కొక్కరికి 20 తన్నులు. సలహా ఒక్కటీ లేదు.

గోలీకి లేసుల ఎముక మీద పడినవి 5. మిగతావన్నీ వేళ్ల మొదళ్లు. డిఫెండర్‌కు ఎక్కువ గుర్తులు మునివేళ్ల మీద, రెండుసార్లు బంతికంటే ముందు నేలనే తన్నాడు. మిడ్‌ఫీల్డర్ గుర్తులు లోపలి పక్కకు జారాయి. వింగర్ మాత్రం 20లో 12 సరైన చోటే తాకించాడు, కానీ బంతి మీద చెరిగిన చోటు ప్రతిసారీ నడిమికి కింద ఉంది. అతని బంతులు వల మీదుగా పోవడానికి కారణం పాదం కాదని అప్పుడే తెలిసింది.

ఫోను పెట్టే తీరు: బంతికి పక్కగా 3 మీటర్ల దూరంలో, ఇటుక మీద, కెమెరా కన్ను బంతి నడిమి ఎత్తుకు. 240 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేముకు 4 మిల్లీసెకన్లకు కాస్త పైన. అంటే తాకిడి రెండు మూడు ఫ్రేముల్లో అయిపోతుంది. తాకిన క్షణాన్ని ఈ వీడియోలో వెతకడం దండగ. దానికి ముందు ఐదు, తర్వాత ఐదు ఫ్రేములు చూడాలి. మబ్బు పట్టినా, సాయంత్రమైనా పాదం మసకబారిపోతుంది, వీడియో పొద్దున ఎండలోనే తీయాలి.

వేగం లెక్క సులువు. తెర మీద బంతి వ్యాసాన్ని 22 సెం.మీ.గా కొలబద్ద చేసుకోండి. తన్నాక ఒక ఫ్రేముకు బంతి తన వ్యాసంలో మూడో వంతు కదిలితే 7.3 సెం.మీ., దాన్ని 240తో గుణిస్తే సెకనుకు 17.6 మీటర్లు, గంటకు 63 కి.మీ. తాకడానికి ముందు చీలమండ ఫ్రేముకు ఎంత కదిలిందో కూడా అలాగే కొలవండి. బంతి వేగాన్ని పాదం వేగంతో భాగిస్తే వచ్చే అంకె తాకిడి నాణ్యతను చెబుతుంది. శుభ్రంగా తాకితే 1.2 దాటుతుంది. 1 దగ్గరే ఆగిపోతే కాలు ఎంత వేగంగా ఊపినా ఆ బలం చీలమండ దగ్గర కారిపోతోందని అర్థం.

1వ వారం: చీలమండ

వేళ్ల మొదళ్లతో తాకితే బలం ఎందుకు పోతుందో ముందు చూద్దాం. చీలమండ ఒక కీలు. బంతి దెబ్బ దానికి ఎంత దూరంలో తగిలితే పాదాన్ని అంత సులువుగా కిందికి వంచేస్తుంది. తలుపును బందు దగ్గర నెట్టడానికీ, అంచు దగ్గర నెట్టడానికీ ఉన్న తేడా ఇదే. పాదం వంగిందంటే బంతికి పోవాల్సిన బలం కీలుకు పోయింది. లేసుల ఎముక చీలమండకు దగ్గర, అందుకే అక్కడ తాకితే పాదం తక్కువ వంగుతుంది.

రెండో సంగతి: పాదాన్ని ముందే పూర్తిగా చాచి ఉంచితే ఇక వంగడానికి చోటుండదు. సగం చాచి, బిగువుగా పట్టుకుంటానంటే కుదరదు, కండరం ఒక్కటే ఆ దెబ్బను ఆపలేదు. "బిగించు" అన్న మాట వినగానే చాలామంది వేళ్లను పైకి లాగి బిగిస్తారు. అది పూర్తిగా ఉల్టా. చెప్పాల్సింది "బూటు లోపల వేళ్లను అరికాలి వైపు ముడుచుకో, మడమను పిక్క వైపు లాక్కో".

ఈ వారం చేసినవి: నేల మీద కూర్చుని, కాలు చాచి, ఎదుటివాడు నడుము ఎత్తు నుంచి పాదం మీదకు జారవిడిచిన బంతిని పాదంతోనే పైకి పంపడం, ఒక్కో కాలికి 15 చొప్పున మూడు సార్లు. బంతి నేరుగా పైకి లేచి, తిరగకుండా వస్తే చోటు సరైనది. ముఖం వైపు తిరుగుతూ వస్తే మునివేళ్లు పైకి లేచాయని అర్థం. తర్వాత నిలబడి, చేతిలోంచి వదిలిన బంతిని నేల తాకకముందే 5 మీటర్ల దూరంలోని జోడీ చేతుల్లోకి కొట్టడం. పరుగు లేదు, ఊపు మోకాలి నుంచి కిందికి మాత్రమే.

రెండో రోజు బూట్లు, మేజోళ్లు విప్పించి, గాలి సగానికి తగ్గించిన బంతితో అదే పని చేయించాం. చర్మం మీద తాకిన చోటు పిల్లలకు నేరుగా తెలుస్తుంది, బూటులో అది మొద్దుబారుతుంది. వట్టికాళ్లతో ఆడడం మన ఫుట్‌బాల్‌కు కొత్త కాదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ చేతిలో 2–1తో ఓడిన భారత జట్టులో ఎక్కువమంది బూట్లు లేకుండానే దిగారు. 1952లో హెల్సింకీ చలిలో యుగోస్లావియా చేతిలో 10–1 ఓటమి తర్వాతే మనవాళ్లకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. శిక్షణలో వట్టికాళ్ల పది నిమిషాలు మాత్రం ఇప్పటికీ పనికొస్తాయి. మెత్తని బంతి, మట్టి నేల, గాజుపెంకులు ఏరేసిన చోటు, ఈ మూడూ ఉంటేనే.

బూటు సైజు ఈ వారంలోనే బయటపడింది. గోలీ బూటులో మునివేళ్ల ముందు రెండు వేళ్ల ఖాళీ ఉంది. "ఏడాది పెరుగుతాడు కదా" అని ఇళ్లలో పెద్ద సైజు కొంటారు, ఆ ఖర్చు చూస్తే తప్పు పట్టలేం. కానీ బూటు లోపల పాదం జారితే బూటు ఒకచోట, ఎముక ఇంకోచోట తాకుతాయి. అర సెం.మీ. నుంచి ఒక సెం.మీ. వరకు ఖాళీ చాలు. కొత్త బూటు వచ్చేదాకా మందపాటి ఇన్‌సోల్ వేసి, లేసులను కింది రంధ్రం నుంచి ఒక్కొక్కటే లాగి బిగించాం. ముడిని నడిమిన కాకుండా చిటికెనవేలి వైపుకు జరిపాం, తాకే చోట గడ్డలాంటి ముడి ఉంటే బంతి దిక్కు తప్పుతుంది.

వారం చివర గోలీ లెక్క: 20లో 9. శబ్దం కూడా మారింది. పాదం వంగినప్పుడు "ఫట్" అని పల్చగా వస్తుంది, ఎముక తాకితే "దబ్" అని లోతుగా. కళ్లు మూసుకుని విన్నా తెలిసిపోతుంది.

2వ వారం: ఊతకాలు

మొరం నేల ఇక్కడ మేలు చేసింది. తన్నే చోట మగ్గుతో నీళ్లు చల్లి పది నిమిషాలు ఆగితే ఊతకాలి బూటు అడుగునుండే స్టడ్ల (బుడిపెల) అచ్చు చక్కగా పడుతుంది. బంతి పెట్టే చోట సోడా మూతను నేలలోకి దిగ్గొట్టాం. ప్రతి తన్ను తర్వాత మూత నుంచి అచ్చు నడిమికి రెండు కొలతలు: పక్కకు ఎంత, ముందూ వెనకా ఎంత.

మేం పెట్టుకున్న లక్ష్యం: బంతి అంచుకూ బూటుకూ మధ్య 15 నుంచి 20 సెం.మీ., బూటు నడిమి బంతి నడిమికి సమంగా లేదా 5 సెం.మీ. వెనుక, మునివేళ్లు గురి వైపు. మోకాలు కాస్త వంగి ఉండాలి. కర్రలా నిటారుగా ఉంటే నడుము పైకి లేచి బంతి నెత్తిన తాకుతుంది.

కొలతలను బూటు గుర్తుల పక్కన పెట్టి చూస్తే కథంతా బయటపడింది. డిఫెండర్ ఊతకాలు 15 సెం.మీ.కు పైగా వెనకబడుతోంది. దాంతో తన్నే కాలు బంతిని అందుకోవడానికి చాచుకుపోతోంది, అందేసరికి మునివేళ్లే మిగులుతున్నాయి. మిడ్‌ఫీల్డర్ కాలు పక్కకు మరీ దూరం, 30 దాటుతోంది. పాదం అడ్డంగా చేయి చాచినట్టు వెళ్లి లోపలి పక్కతో తాకుతోంది. మరీ దగ్గరైతే దీనికి తిరుగుడు: కాలు ఊగడానికి దారి లేక చిటికెనవేలి వైపుతో తాకుతుంది. ఈ ఇద్దరికీ "లేసులతో కొట్టు" అని ఎన్నిసార్లు చెప్పినా ఎందుకు కుదరలేదో ఆ కొలతల్లోనే ఉంది.

వింగర్‌ది వేరే సంగతి. పాదం చోటు సరే, ఊతకాలు 12 సెం.మీ. వెనక, ఒళ్లు వెనక్కి వాలుతోంది. అందుకే బంతి అడుగున తాకుతోంది. పక్క నుంచి గోలు ముందుకు ఎత్తుగా వేసే క్రాసుకు అదే పద్ధతి కావాలి, అది అతని అలవాటు. దాన్ని చెరపకుండా, గోలుకు కొట్టే తన్నుకు వేరే గుర్తు ఇచ్చాం: క్రాసుకు వెనక గీత, షాటుకు ముందు గీత.

సాధన ఎలాగంటే, నేల మీద బూటు ఆకారంలో సుద్ద గీత గీసి, మొదట బంతి లేకుండా మూడడుగుల పరుగుతో ఊతకాలు అందులో దించడం, 20 సార్లు. తర్వాత బంతి పెట్టి ముప్పావు బలంతో. ఇక్కడ మేం చేసిన తప్పు ఒకటి: మొదటి రోజు గీతను చూసుకుంటూ పరుగెత్తమన్నాం. అందరూ చివరి అడుగు కురచగా వేశారు, ఊపు చచ్చిపోయింది. చివరి అడుగు దానిముందు అడుగుకంటే పొడవుగా ఉంటేనే నడుము వెనక్కి తిరిగి కాలికి ఊపు వస్తుంది. రెండో రోజు పరుగు మొదలుపెట్టే చోటును వెనక్కి జరిపి, గీతను కాదు బంతిని చూడమన్నాం. అచ్చు ఎక్కడ పడిందో తన్నాక చూసుకుంటే చాలు.

3వ వారం: నేల తగులుతుందన్న భయం

డిఫెండర్ ఊతకాలు సర్దుకున్నా మునివేళ్ల గుర్తులు పూర్తిగా పోలేదు. ఫ్రేములు ఒక్కొక్కటే జరిపి చూస్తే తాకడానికి మూడు నాలుగు ఫ్రేముల ముందు పాదం చాచి ఉంది, ఆఖరి క్షణంలో వేళ్లు పైకి లేస్తున్నాయి. నేల తగులుతుందని కాలికి భయం. ఆ భయం ఉత్తిది కాదు, లెక్క చూడండి.

అతని బూటు తొమ్మిదో సైజు. బూటు కొన నుంచి లేసుల ఎముక దాకా 14 సెం.మీ. బంతి నడిమి నేలకు 11 సెం.మీ. ఎత్తులో ఉంది. ఆ ఎముకను బంతి నడిమికి తాకించాలి, పాదం నిలువునా కిందికి చాచాలి అంటే బూటు కొన నేలలోకి 3 సెం.మీ. దిగాలి. గడ్డి మైదానంలో బంతి గడ్డి మీద కాస్త ఎత్తున కూర్చుంటుంది, బూటు కొన గడ్డిలోంచి జారిపోతుంది. మొరం మీద ఆ వెసులుబాటు లేదు. ఒక్కసారి గోరు పగిలిన పిల్లవాడు మళ్లీ వేళ్లు కిందికి చాచడు, ఎంత అరిచినా.

కొనకూ నేలకూ 2 సెం.మీ. ఖాళీ కావాలంటే 14 సెం.మీ. పాదం 9 సెం.మీ. ఎత్తులో ఇమడాలి. అంటే పాదం నేలతో 40 డిగ్రీల వాలులో ఉండాలి. పాదం పూర్తిగా చాచే ఉంచి ఆ వాలు తేవడానికి దారి కాలిని మొత్తంగా ఏటవాలు చేయడమే. పక్క నుంచి పరుగెత్తి రావడం, ఒళ్లు ఊతకాలి వైపుకు ఒరగడం, బూటు కొనను కొద్దిగా బయటికి తిప్పడం, ఇవి మూడూ కలిసి ఆ పని చేస్తాయి. బంతి వెనక నేరుగా వచ్చేవాడికి ఈ చోటు దొరకదు. పాదం పొడవున్న వాడికి ఇంకా దొరకదు. మైదానంలో పొడుగు కుర్రాళ్లు ఎక్కువగా మునివేళ్లతో కొట్టడానికి బద్ధకం కాదు, ఈ కొలతే కారణం.

వాలు గీయడానికి కోణమాపిని అక్కర్లేదు. బంతి నుంచి వెనక్కి 3 మీటర్లు, అక్కడి నుంచి పక్కకు 3 మీటర్లు కొలిస్తే 45 డిగ్రీలు. పక్కకు 1.7 మీటర్లే అయితే 30. ఈ రెండిటి మధ్య ఎవరికి నచ్చిన చోట వారిని మొదలుపెట్టమన్నాం. డిఫెండర్ 45కు దగ్గరగా, పొట్టి పాదాల వింగర్ 30 దగ్గర నిలబడ్డారు. 45 దాటితే నడుము తిరగడానికే బలం పోతుంది, బంతి అడ్డంగా తెగుతుంది.

భయం తీయడానికి కుదురు వాడాం. కుండ కింద పెట్టే చుట్టకుదురు లాంటిదే, పాత చీరముక్క చుట్టి 4 సెం.మీ. ఎత్తున చేసి, బంతిని దాని మీద కూర్చోబెట్టాం. నేల దూరమవగానే డిఫెండర్ వేళ్లు వాటంతటవే కిందికి చాచుకున్నాయి. రెండు రోజులకోసారి కుదురు పల్చన చేస్తూ వచ్చాం: 4, 3, 2, 1. దింపిన రోజు గుర్తులు మళ్లీ మునివేళ్ల మీద పడితే ఒక మెట్టు వెనక్కి. 1 సెం.మీ. దగ్గర నాలుగు రోజులు ఆగాల్సి వచ్చింది. తొందరపడి కుదురు తీసేస్తే చేసిందంతా పోతుంది, ఈ ఒక్క చోట ఓపిక పట్టండి.

కుదురు గుడ్డతోనే చేయాలి. తాడుతో గానీ, కోసిన ప్లాస్టిక్ పైపుతో గానీ చేస్తే బూటుకు తట్టుకుని ఎగిరి మొహానికి తగలొచ్చు.

4వ వారం: కదిలే బంతి

నిలిపిన బంతి మీద కుదిరినదంతా దొర్లే బంతి రాగానే చెదిరింది. కారణం మళ్లీ ఊతకాలే. వీడియోలో ఊతకాలు దిగిన ఫ్రేము నుంచి బంతి తాకిన ఫ్రేము దాకా లెక్కపెడితే 30 ఫ్రేములకు అటూఇటూ, అంటే సెకనులో ఎనిమిదో వంతు. సెకనుకు 2 మీటర్లు దొర్లుతున్న బంతి ఆలోగా 25 సెం.మీ. జరిగిపోతుంది. ముందుకు పోతున్న బంతి పక్కన కాలు దించితే తాకే వేళకు బంతి ఒక జానెడు ముందుంటుంది, మునివేళ్లే గతి. కాబట్టి పోతున్న బంతికైతే ఊతకాలు 25 సెం.మీ. ముందు దిగాలి. ఎదురొచ్చే బంతికైతే అంత వెనక.

బంతిని చేత్తో దొర్లిస్తే ప్రతిసారీ వేగం మారుతుంది. చెక్కపలకను ఇటుక మీద వాలుగా ఆనించి, పలక పైఅంచు నుంచి వదిలితే వేగం ఒకేలా ఉంటుంది. ఇటుకను పడుకోబెట్టి మొదలుపెట్టి, తర్వాత నిలబెట్టి వేగం పెంచాం. పక్క నుంచి వచ్చే బంతి ఈ వారం పెట్టుకోలేదు, అది వేరే చదువు.

పాదం లోపలి పక్కతో వేసే పాసును కూడా ఒక రోజు సుద్దతో చూశాం. అక్కడ సమస్య చిన్నది: గుర్తు బొటనవేలి మొదటి దగ్గర పడితే పాదం వెనక్కి తిరిగిపోతుంది, చీలమండ గుబ్బకు ముందు, అరికాలి గుంట పైన పడాలి. వేళ్లు పైకి లాగి, చీలమండను అడ్డంగా బిగిస్తే చాలు. నలుగురికీ ఒక్క రోజులో కుదిరింది.

5వ వారం: రెండో కాలు

బలం లేని కాలికి తొలి కొలత నలుగురిదీ అధ్వానమే, 20లో 3 దాటలేదు. ఇక్కడ తన్నే కాలి కంటే ఊతకాలే పెద్ద అడ్డంకి. కుడికాలి ఆటగాడికి కుడికాలి మీద ఒంటికాలితో ఒరిగి నిలబడడం అలవాటుండదు. అందుకే బంతి ముట్టకుండా రెండు రోజులు ఒంటికాలి పనులు చేయించాం: మోకాలు వంచి, ఒళ్లు పక్కకు ఒరగనిచ్చి, రెండో కాలిని గాలిలో ఊపడం, 30 సెకన్లు, నాలుగు సార్లు. తర్వాత మొదటి వారం పనులు, అదే వరసలో, 4 సెం.మీ. కుదురుతో సహా.

హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు ఈ పట్టుదల కొత్త కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి నడిపిన సయ్యద్ అబ్దుల్ రహీం ఇక్కడివారే. బలహీనమైన కాలితోనే ఆడాలన్న షరతుతో ఆయన పోటీలు పెట్టించేవారని చెబుతారు. అదే మాట పట్టుకుని శనివారం ఆటలో గోల్స్ అన్నీ రెండో కాలితోనే వేయాలని నియమం పెట్టాం. పిల్లలు విసుక్కున్నారు, అరగంట తర్వాత పట్టుబట్టి ఆడారు. సుద్ద లెక్క ఒక్క వారంలో పెద్దగా కదల్లేదు. మిడ్‌ఫీల్డర్‌ది 6కు చేరింది, మిగతావాళ్లది ఇంకా 4, 5 దగ్గరే.

6వ వారం: బంతి మీది చోటు, తిరుగు కొలత

పాదం మీది చోటు నిలకడకు వచ్చాకే బంతి మీది చోటు పట్టించుకున్నాం. ముందే రెండూ చెబితే రెండూ పోతాయి. నడిమికి 1 సెం.మీ. పక్కగా తాకితే ఏమవుతుందో లెక్క: బంతి వ్యాసార్థం 11 సెం.మీ. కాబట్టి దిక్కు దాదాపు 5 డిగ్రీలు తప్పుతుంది. పెనాల్టీ దూరం 11 మీటర్లలో అది ఒక మీటరు. రాపిడి వల్ల నిజంగా తప్పేది కొంత తక్కువే ఉంటుంది, కానీ గోలు వెడల్పు 7.32 మీటర్లేనని గుర్తుంచుకుంటే ఒక సెం.మీ. విలువ తెలుస్తుంది. 2, 3 సెం.మీ. పక్కగా, బూటు లోపలి వైపు ఎముకతో ఒరుసుకుంటూ తాకిస్తే బంతి తిరుగుతూ వంపు తీసుకుంటుంది. వింగర్ ఇది ముందు నుంచీ చేస్తున్నాడు, తెలియకుండా. సుద్ద చెరిగిన చోటు చూపించాక కావాలనుకున్నప్పుడే చేయడం మొదలుపెట్టాడు.

తిరుగు కొలత, నిలిపిన బంతి, 20 తన్నులు, లేసుల ఎముక మీద పడినవి: గోలీ 14, డిఫెండర్ 12, మిడ్‌ఫీల్డర్ 15, వింగర్ 16. వింగర్ బంతి మీద చెరిగిన చోటు ఇప్పుడు ఎక్కువసార్లు నడిమి ఎత్తులోనే ఉంది. వేగాల నిష్పత్తి గోలీకి 1.05 నుంచి 1.2కు వచ్చింది, కాలు ఊపే వేగం మాత్రం మారలేదు. అతను బలం పెంచుకోలేదు, ఉన్నదాన్ని కారిపోనివ్వడం ఆపాడు.

30వ తన్ను దాటాక నలుగురి గుర్తులూ మళ్లీ వేళ్ల వైపు జారుతున్నాయి. అలసట ముందు చీలమండలో కనిపిస్తుంది. రోజు హద్దును 40 నుంచి 30కి దించాం. చీలమండ ముందు గానీ వెనుక గానీ నొప్పి అన్నవాడికి ఆ రోజు గట్టి తన్నులు బంద్.

మిగిలిన పని: పక్క నుంచి వచ్చే బంతి, గోలీ చేతిలోంచి వేసే పొడవు తన్ను, నలుగురి రెండో కాలు. వానలు మొదలైతే తడి బంతి మీద సుద్ద ముద్ద నిలవదు, మొరం మీద అచ్చులు కూడా కరిగిపోతాయి. అప్పటికి బంతి మీద కాకుండా బూటు టేపు మీద రంగు మైనం రాసి, గుర్తును బంతి మీద చూసే పద్ధతి పరీక్షించాలి. కుదురును కూడా గుడ్డకు బదులు స్పాంజితో చేయాలి, తడిసిన గుడ్డ బరువెక్కి బంతికి అతుక్కుంటోంది.